విద్యుత్తు లెక్కకు లొంగిన విధము

ఇంటింట నుండు ఇస్త్రీపెట్టెను పరిశీలించి చూచినచో దానిపై 230 వోల్టులు, 1000 వాట్లు అను రెండంకెలు కానవచ్చును. ఈ రెండంకెలే చాలును. వేయిని 230 చేత భాగించినచో ఆ పెట్టెలో ప్రవహించు విద్యుత్తు సుమారు 4.35 ఆంపియర్లని తేలును. 230ని మరల ఆ 4.35 చేత భాగించినచో లోపలి తీగ కనబరచు నిరోధము సుమారు 53 ఓములని తేలును. పెట్టెను విప్పనక్కర లేదు, తీగను ముట్టనక్కర లేదు. ఉన్నత పాఠశాలలో చదువు బాలుడు రెండు నిమిషములలో ముగింపగల లెక్క యిది.

అయితే ఈ చిన్న భాగహారము లోకమునకు సులభముగా దొరకలేదు. దానిని కనుగొనినవాడు తన ఉద్యోగమును విడువవలసి వచ్చినది. దాని మర్మమును లక్ష్యపెట్టక మహాసముద్రములో పరచిన తీగ నెల తిరుగకముందే మూగవోయినది. వోల్టు, ఆంపియరు, ఓము, వాట్టు అను నాలుగు మాటల వెనుక నలుగురు మనుష్యుల పేర్లున్నవి. వారి వెనుక నూరేండ్ల శ్రమ యున్నది. ఆ శ్రమ యెట్టిదో తెలిసికొనినగాని ఆ లెక్క విలువ తెలియదు.

మూడు మాటల అర్థము

చరిత్రలోనికి పోవుటకు ముందు మాటల అర్థమును స్థిరపరచుకొనుట మంచిది. చెరువు నీరు తూము గుండ పొలమునకు పారుటను అందరు నెరుగుదురు. చెరువులో నీటిమట్టము ఎంత యెత్తున నున్నదో, నీరు తూమును అంత బలముగా త్రోయును. ఆ త్రోపు వంటిదే విద్యుత్పీడనము. దానిని కొలుచు ప్రమాణము వోల్టు. తూము గుండ క్షణక్షణము పోవు నీటి పరిమాణము వంటిది విద్యుత్ప్రవాహము. దాని ప్రమాణము ఆంపియరు. తూము సన్నమైనను, పొడవైనను, లోపల నాచు పట్టినను నీటికి అడ్డు కలుగును. అట్టి యడ్డే నిరోధము. దాని ప్రమాణము ఓము. పీడనమును ప్రవాహము చేత భాగించినచో నిరోధము వచ్చును. పీడనమును ప్రవాహము చేత గుణించినచో, ఆ విద్యుత్తు క్షణమునకెంత పని చేయుచున్నదో తెలియును. దీనిని సామర్థ్యమందురు, దాని ప్రమాణము వాట్టు.

ఉపమానము ఉపమానమే. తూములోని నీటికిని తీగలోని విద్యుత్తుకును అన్ని విషయములందును పొంతన కుదరదు. కాని ఈ మూడింటికి గల సంబంధమును మనస్సునకు పట్టించుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు.

ఓమ్‌నకు పూర్వము

ఇటలీ దేశీయుడగు అలెస్సాండ్రో వోల్టా 1800వ సంవత్సరమున రాగి లేక వెండి బిళ్ళలను, తుత్తునాగపు బిళ్ళలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ ఉప్పునీటిలో తడిపిన అట్టలనుంచి, ఎడతెగని విద్యుత్ప్రవాహమును మొదటిసారిగా సృష్టించెను. ప్రవాహము దొరికినది గాని దానిని కొలుచు సాధనము దొరకలేదు. 1820లో డెన్మార్కు దేశమున ఓయర్‌స్టెడ్ అను ఆచార్యుడు, విద్యుత్తు పారుచున్న తీగ చెంత అయస్కాంతపు సూది ప్రక్కకు తిరుగుటను గమనించెను. ఆ యేడే ఫ్రాన్సులో ఆంపియరు ఈ వింతకు గణిత స్వరూపమును కల్పింప నారంభించెను. జర్మనీలో ష్వైగర్ తీగను చుట్టలుగా చుట్టి సూది కదలికను పెంచు సాధనమును నిర్మించెను. దానితో విద్యుత్ప్రవాహము కంటికి కనబడు వస్తువైనది.

అంతకు నలువదేండ్ల పూర్వమే ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ అను మహాధనికుడు, మహామౌని, ఈ మర్మమును దాదాపుగా పట్టుకొని యుండెను. 1781 జనవరిలో ఆయన ఉప్పునీరు నింపిన గాజుగొట్టముల గుండ విద్యుత్తును పంపి, ఆ త్రోవలో తన శరీరమునే చేర్చి, తగిలిన అదురు యొక్క తీవ్రతను బట్టి నిరోధములను పోల్చెను. తన దేహమే ఆయనకు కొలమానము. ఆశ్చర్యకరమేమనగా, ఆ లెక్కలు చాలవరకు సరియైనవే. కాని ఆయన వానిని ప్రకటింపలేదు. 1810లో కావెండిష్ మరణించెను. ఆ కాగితములు పెట్టెలలో నుండిపోయి, 1879లో మాక్స్‌వెల్ సంపాదకత్వమున అచ్చుపడువరకు లోకము వానిని చూడలేదు. వ్రాసియు ప్రకటింపని జ్ఞానము లోకమునకు లేనట్లే యని ఈ యుదంతము చెప్పుచున్నది.

ఈ నడుమ తీగలలో విద్యుత్తు ఎంత దూరము పోగలదను ప్రశ్న పుట్టినది. 1825లో పీటర్ బార్లో అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, కేవలము 200 అడుగుల తీగలోనే ప్రవాహము మిక్కిలి తగ్గిపోవుటను చూచి, తీగల ద్వారా వార్తలు పంపుట సాధ్యము కాదని నిశ్చయించెను. ఆయన ప్రయోగము అబద్ధము కాదు. ఎంత పొడవునకు ఎంత తగ్గునో, ఏమి చేసిన తగ్గకుండునో తెలుపు నియమమే అప్పటికి లేకపోయెను.

తాళముల కమ్మరి కుమారుడు

ఆ నియమమును కనుగొనిన జార్జి సైమన్ ఓమ్ 1789వ సంవత్సరము మార్చి 16వ తేదీన బవేరియా ప్రాంతమున ఎర్లాంగెన్ పట్టణమందు జన్మించెను. తండ్రి జొహాన్ వుల్ఫ్‌గాంగ్ ఓమ్ తాళములు చేయు కమ్మరి. ఆయన పెద్ద పాఠశాలలలో చదివినవాడు కాడు. గ్రంథములు తెచ్చుకొని స్వయముగా చదివి గణితమునందును, తత్త్వశాస్త్రమునందును మంచి ప్రవేశమును సంపాదించినవాడు. తల్లి జార్జికి పదియేండ్ల ప్రాయమున మరణించెను. తండ్రియే తన కుమారులకు గణితము, భౌతిక శాస్త్రము ఇంట బోధించెను. జార్జి తమ్ముడు మార్టిన్ తరువాతి కాలమున పేరుపొందిన గణితాచార్యుడయ్యెను.

1805లో జార్జి ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయమున చేరెను. అక్కడ నాట్యములతోను, మంచుపై జారుట, బిలియర్డ్సు మున్నగు ఆటలతోను కాలము గడుపుచున్నాడని తండ్రి కోపించెను. కుమారుడు చదువును నిలిపి, 1806లో స్విట్జర్లాండునకు పోయి, ఒక పాఠశాలలో గణితోపాధ్యాయుడుగా పనిచేసెను. విడిచిన చదువును ఆయన మరువలేదు. తీరిక వేళల గొప్ప గణితజ్ఞుల గ్రంథములను తానే చదువుకొని, 1811లో ఎర్లాంగెన్‌నకు మరలివచ్చి డాక్టరు పట్టము పొందెను. పట్టము వచ్చినను తగిన ఉద్యోగము రాలేదు. కొన్నియేండ్లు చిన్న పాఠశాలలలో చాలీచాలని జీతముతో గడిపి, 1817లో రేఖాగణితమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. దాని మూలముగ ఆ సంవత్సరమే కొలోన్ నగరమున పూర్వము జెసూయిట్లు నడపిన ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయ పదవి లభించెను. అచట మంచి పరికరములు గల ప్రయోగశాల యుండెను. తాళముల కమ్మరి కొట్టములో పనిముట్లు పట్టుట నేర్చిన చేతులకు అది తగిన స్థలమయ్యెను.

పొరపాటు, సవరణ

ఓమ్ ఎత్తుకొనిన ప్రశ్న సామాన్యమైనది. ఒకే ఘటమునకు పొట్టి తీగను తగిలించినపుడు ఎంత ప్రవాహము, పొడవు తీగను తగిలించినపుడు ఎంత ప్రవాహము? 1825లో ఆయన మొదటి వ్యాసమును ప్రకటించెను. అందలి సూత్రము తప్పు. తప్పు ఆయన బుద్ధిది కాదు, బ్యాటరీది. ఆనాటి బ్యాటరీలు తీగ తగిలించిన తోడనే బలముగా పనిచేసి, క్షణములలో నీరసించుచుండెను. ఒక తీగను కొలిచి రెండవ తీగను తగిలించునంతలో బ్యాటరీ బలమే మారిపోవుచుండెను. కుంచమే కుంచించుకొని పోవుచున్నపుడు ధాన్యమును కొలుచు టెట్లు?

ఓమ్ వ్యాసములను అచ్చువేయుచున్న శాస్త్ర పత్రికకు సంపాదకుడు పొగెన్‌డోర్ఫ్. బ్యాటరీని విడిచి, వేడి వలన పుట్టు విద్యుత్తును వాడుమని ఆయన సలహా ఇచ్చెను. అంతకు కొలది యేండ్ల క్రిందట సీబెక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, రెండు వేర్వేరు లోహములను రెండు చోట్ల అతికి, ఒక అతుకును వేడిగాను, రెండవదానిని చల్లగాను ఉంచినచో విద్యుత్తు పారునని కనుగొని యుండెను. ఓమ్ బిస్మత్ లోహపు కడ్డీకి రెండు కొనల రాగిని చేర్చి, ఒక అతుకును మరుగుచున్న నీటియందును, రెండవ అతుకును కరగుచున్న మంచునందును ఉంచెను. నీరు మరుగుచున్నంతవరకు దాని వేడి మారదు. మంచు కరుగుచున్నంతవరకు దాని చలువ మారదు. కావున ఈ మూలము నుండి వచ్చు విద్యుత్పీడనము మారక నిలిచెను. కుంచము స్థిరమైనది.

ఒకే మందము గల ఎనిమిది రాగి తీగలను ఆయన తీసికొనెను. వాని పొడవులు 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళములు. ప్రవాహమును కొలుచుటకు అయస్కాంతపు సూదిని సన్నని లోహపు పట్టీతో వ్రేలాడదీసి, విద్యుత్తు ప్రక్కకు త్రోసిన సూదిని మరల యథాస్థానమునకు తెచ్చుటకు ఆ పట్టీని ఎంత మెలిపెట్టవలసి వచ్చినదో లెక్కించెను. 1826 జనవరి 8వ తేదీన వ్రాసికొనిన కొలతలలో, 2 అంగుళముల తీగకు 326¾, 34 అంగుళముల తీగకు 134½, 130 అంగుళముల తీగకు 48½ వచ్చినవి.

ఈ యంకెలలో ఆయన ఒక క్రమమును చూచెను. తీగ పొడవునకు 20¼ని కలిపి, ఆ మొత్తముతో 7285ను భాగించినచో, ప్రవాహము వచ్చుచున్నది. చదువరులు తామే సరిచూచుకొనవచ్చును. 2 అంగుళములకు 22¼ అగును. దానితో 7285ను భాగించిన 327 వచ్చును. 34 అంగుళములకు 54¼ అగును. భాగించిన 134 వచ్చును. 130 అంగుళములకు 150¼ అగును. భాగించిన 48½ వచ్చును. కొలతకును లెక్కకును ఇంత దగ్గర పోలిక కుదిరినది.

7285 అనునది వేడి, చలువల తేడా వలన పుట్టిన త్రోపునకు గుర్తు. 20¼ అనునది తీగ కాక మిగిలిన సాధనమంతయు కలిగించు అడ్డునకు గుర్తు. అతుకుల నడుమ వేడిమి భేదమును తగ్గించి చూడగా మొదటి అంకె మాత్రమే తగ్గెను, రెండవది కదలలేదు. త్రోపు వేరు, అడ్డు వేరు, రెండింటి ఫలము ప్రవాహము అని ఇందువలన తేటతెల్లమయ్యెను. అంతవరకు కలగాపులగముగ నున్న భావములు విడివిడిగా నిలిచినవి. ఓమ్ చేసిన అసలు మేలు ఇదియే.

గ్రంథము, దాని ఫలము

ఓమ్ సెలవు పెట్టి, సగము జీతముతో బెర్లిను నగరమునకు పోయి, తమ్ముని యింట నుండి ఈ విషయమును గ్రంథముగ వ్రాసెను. లోహములలో వేడి పారుటను గూర్చి ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే 1822లో ప్రకటించిన సిద్ధాంతము ఆయనకు మార్గదర్శియైనది. వేడి, వెచ్చని చోటి నుండి చల్లని చోటికి పారునట్లే విద్యుత్తును పారునని భావించి, విద్యుద్వలయమును గణితముచే నిరూపించిన ఆ గ్రంథము 1827లో బెర్లినులో వెలువడెను. విశ్వవిద్యాలయమున ఆచార్య పదవి తనకు దానివలన లభించునని ఆయన ఆశించెను.

లభించినది వేరు. ఆనాటి జర్మనీలో ప్రకృతి రహస్యములను తత్త్వచింతనచే గ్రహింపవలెనే గాని గణితముచే కాదను పండితులు పలుకుబడి గలవారై యుండిరి. మరికొందరికి ఆ గణితము కొరుకుడు పడలేదు. పోల్ అను బెర్లిను పండితుడు గ్రంథమును తీవ్రముగ ఖండించి, అదంతయు ఆధారము లేని ఊహ యని త్రోసివేసెను. ఆశించిన పదవి రాకపోవుటయే గాక, అధికారుల ఆదరమును కరవయ్యెను. 1828లో ఓమ్ కొలోన్ పాఠశాల పదవికి రాజీనామా ఇచ్చెను. అప్పటికి ఆయన ప్రాయము ముప్పదితొమ్మిదేండ్లు. ఆ పిమ్మట బెర్లినులో చిన్న పనులతో అయిదేండ్లు గడిపి, 1833లో న్యూరెంబర్గ్ పారిశ్రామిక విద్యాలయమున ఉపాధ్యాయుడుగ చేరెను.

సత్యమునకు పండితుల సమ్మతి ఆలస్యమైనను, ప్రయోగశాల సమ్మతి ఆలస్యము కాలేదు. 1831లో ఫెక్నర్ విస్తారమైన ప్రయోగములతో ఓమ్ నియమమును నిర్ధారించెను. రష్యాలో లెంజ్ తన పరిశోధనలకు దానినే ఆధారముగ గైకొనెను. ఫ్రాన్సులో పుయ్యే ఆ ఫలితములనే వేరు మార్గమున పొందెను. కట్టకడపట 1841లో లండనులోని రాయల్ సొసైటీ, తన అత్యున్నత సత్కారమగు కోప్లీ పతకమును ఓమ్‌నకు ప్రదానము చేసెను. ఆ సంవత్సరమే గ్రంథమునకు ఆంగ్లానువాదము వెలువడెను. 1843లో వీట్‌స్టన్, తంతి వార్తల యంత్రములకు ఈ నియమము ఎంత యవసరమో విపులముగ తెలిపెను. బార్లో అసాధ్యమని వదలిన పని అప్పటికే సాగుచుండెను. తీగను లావు చేసినచో నిరోధము తగ్గును. ఘటముల సంఖ్యను పెంచినచో త్రోపు పెరుగును. ఏది యెంత చేయవలెనో భాగహారము చెప్పును.

స్వదేశమున గౌరవము మరి ఆలస్యముగ వచ్చెను. 1849లో ఓమ్ మ్యూనిక్ నగరమునకు పిలువబడెను. జీవితమంతయు కోరిన విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రాచార్య పదవి 1852లో లభించెను. రెండేండ్లు తిరిగి, 1854 జూలై 6వ తేదీన ఆయన కాలధర్మము నొందెను.

వేడి లెక్క

ఓమ్ చెప్పినది ప్రవాహపు లెక్క. విద్యుత్తు చేయు పని లెక్కను పూర్తిచేసినవాడు ఇంగ్లండు దేశపు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. ఆయన 1818లో సాల్ఫర్డ్‌లో ఒక సారాయి తయారీదారుని కుమారుడుగ జన్మించి, విశ్వవిద్యాలయమున ఆచార్యుడు కాకయే, ఇంట ప్రయోగములు చేసెను. గాజుగొట్టమునకు తీగను చుట్టి, దానిని నీటిపాత్రలో ముంచి, విద్యుత్తు పారించి, నీరు ఎంత వేడెక్కుచున్నదో ఉష్ణమాపకముతో చూచెను. ప్రవాహమును రెండింతలు చేసిన వేడి రెండింతలు కాలేదు, నాలుగింతలయ్యెను. మూడింతలు చేసిన తొమ్మిదింతలగును. నిరోధమును రెండింతలు చేసి, ప్రవాహమును మార్పక యుంచిన వేడి రెండింతలే యగును. కావున ప్రవాహమును దానిచేతనే గుణించి, మరల నిరోధముచే గుణించినచో వేడి తెలియునని 1841లో ఆయన ప్రకటించెను. రష్యాలో లెంజ్ కూడ స్వతంత్రముగ ఈ ఫలితమునే పొందెను.

ఇస్త్రీపెట్టె లెక్కను దీనితో సరిచూడవచ్చును. 4.35ను 4.35తో గుణించిన సుమారు 19 వచ్చును. దానిని 53తో గుణించిన ఇంచుమించు వేయి వాట్లే వచ్చును. వోల్టులను ఆంపియర్లతో గుణించినను అదే వేయి. ఓమ్ లెక్కయు, జౌల్ లెక్కయు ఒకే సత్యమునకు రెండు ద్వారములు.

సముద్రములో నేర్చిన పాఠము

లెక్క తెలిసినంతనే లోకము దానిని పాటింపలేదు. ఐర్లండు నుండి ఉత్తర అమెరికాలోని న్యూఫౌండ్‌లాండు వరకు అట్లాంటిక్ మహాసముద్రపు అడుగున తంతి తీగను పరచుట 1858 ఆగస్టు 5వ తేదీన ముగిసెను. ఉభయ ఖండములందును ఉత్సవములు జరిగినవి. కాని వార్తలు నత్తనడక నడచినవి; విక్టోరియా రాణి పంపిన నూరు మాటల లోపు సందేశమునకు సుమారు 16 గంటలు పట్టెను. సంఘపు విద్యుదధికారియగు వైట్‌హౌస్, ఎక్కువ త్రోపు ఇచ్చినచో వార్త వేగముగ పోవునని తలచి, సుమారు 2000 వోల్టుల పీడనమును తీగపై ప్రయోగించెను. తీగ చుట్టుగల కవచము అంతకుముందే అక్కడక్కడ బలహీనముగ నుండెను. ఈ పీడనమునకు అది తాళలేదు. సెప్టెంబరు మొదటి దినములలో తీగ మూగవోయెను. లక్షల ధనము సముద్రము పాలయ్యెను. విలియమ్ థామ్సన్ అను గ్లాస్గో ఆచార్యుడు, స్వల్పమైన పీడనమును, అతి సున్నితమైన కొలమానమును వాడవలెనని మొదటి నుండియు చెప్పుచుండెను. ఆయన మార్గముననే 1866లో వేసిన తీగ నిలిచెను.

ఈ నష్టము ఒక మేలును చేసెను. తీగలోని రాగి మంచిదో చెడ్డదో, కవచము గట్టిదో కాదో తీగను వేయుటకు ముందే కొలువవలెనని అందరికి తెలిసివచ్చెను. కొలుచుటకు అందరికి ఒకే కొలత కావలెను. అప్పటికి నిరోధమునకు ఒక్కొక్కరిది ఒక్కొక్క కొలత. ఒకరు తన రాగి తీగ ముక్కను ప్రమాణమనిరి. వెర్నర్ సీమెన్స్ 1860లో ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల పాదరసపు స్తంభమును ప్రమాణముగ సూచించెను. ఊరికొక మానిక, వాడకొక తవ్వ యున్న సంతలో బేరము సాగనట్లే, ఈ వ్యవహారము సాగలేదు. 1861లో థామ్సన్ ప్రోద్బలమున బ్రిటిష్ అసోసియేషన్ ఒక సంఘమును నియమించెను. ఆ సంవత్సరమే క్లార్క్, బ్రైట్ అను ఇద్దరు ఇంజనీర్లు ప్రమాణములకు శాస్త్రజ్ఞుల పేర్లు పెట్టవలెనను సూచన చేసిరి. 1881లో ప్యారిసు నగరమున జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ ఓము, వోల్టు, ఆంపియరు అను పేర్లను అంగీకరించెను. ఆవిరియంత్రమును మెరుగుపరచిన జేమ్స్ వాట్ పేర సామర్థ్యమునకు వాట్టు అను ప్రమాణమును 1882లో విలియమ్ సీమెన్స్ ప్రతిపాదింపగా, 1889లో ప్యారిసు సభ దానిని అంగీకరించెను. ఓమ్ మరణించిన ఇరువది యేడేండ్లకు ఆయన పేరు సకల దేశముల వ్యవహారములోనికి వచ్చెను.

లెక్క వెలిగించిన దీపము

ఈ లెక్కను వ్యాపారములో చక్కగ వినియోగించినవారిలో అమెరికా దేశపు ఎడిసన్ ముఖ్యుడు. అంతకుముందు దీపములను చేయ యత్నించినవారు పలువురు తక్కువ నిరోధము గల తీగలను వాడిరి. ఎడిసన్, ఆయన గణితజ్ఞుడు అప్టన్ లెక్క వేసి చూచిరి. నూరు వాట్లను 10 వోల్టులతో పంపవలెనన్న 10 ఆంపియర్లు పారవలెను. 100 వోల్టులతో పంపినచో ఒక్క ఆంపియరే చాలును. ప్రవాహము పదవ వంతయినచో, అదే తీగలో వ్యర్థమగు వేడి నూరవ వంతగును. కావున సన్నని రాగి తీగలతో వీధివీధికి విద్యుత్తు నందింపవచ్చును. ఇందుకు దీపపు తీగ నిరోధము ఎక్కువగ నుండవలెను. అట్టి దీపమును 1879లో సాధించి, 1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కు నగరమున పెర్ల్ వీధి విద్యుత్కేంద్రమును ఆయన ప్రారంభించెను.

దూరదేశములకు విద్యుత్తును పంపు పెద్ద తీగలలో లక్షకు మించిన వోల్టులుండుటకు కారణమును ఇదియే. 1955లో ఆంధ్ర, ఒడిస్సా సరిహద్దున మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినపుడు, కొండల నడుమ పుట్టిన విద్యుత్తు మైదానమునకు వచ్చుటయు ఈ సూత్రము చేతనే.

పొలము గట్టున ఓమ్

కృష్ణ, గోదావరి, తెలంగాణ, రాయలసీమ ప్రాంతములలో ఏ గ్రామమునకు పోయినను లో వోల్టేజి అను మాట వినవచ్చును. ఆ మాట వెనుక నున్నది ఓమ్ నియమమే. ఒక పొలమునకు పోవు తీగల నిరోధము, రాకపోకలు కలిపి, 2 ఓములనుకొనుడు. 10 ఆంపియర్లు పారినపుడు త్రోవలోనే 20 వోల్టులు హరించిపోవును. 200 వాట్లు తీగను వేడిచేసి వ్యర్థమగును. అదే తీగపై మరియొక మోటారు చేరి 20 ఆంపియర్లు పారినచో 40 వోల్టులు హరించును. వ్యర్థము రెండింతలు గాక, నాలుగింతలై 800 వాట్లగును. లైను కొనయందలి రైతుకు వోల్టేజి తక్కువ వచ్చుటకు కారణము పొడవైన, సన్నని తీగయు, దానిపై పడిన అధిక భారమును.

మోటారు విషయము మరియొక మెలిక గలది. నీటిని తోడవలసిన పని తగ్గదు. కావున వోల్టేజి తగ్గినపుడు మోటారు ఎక్కువ ప్రవాహమును లాగును. 10 ఆంపియర్లకు బదులు 14 ఆంపియర్లు లాగినచో, లోపలి చుట్టలలో వేడి దాదాపు రెండింతలగును. చుట్ట కాలిపోవుట జౌల్ లెక్కకు నిదర్శనము. మోటార్లలో వోల్టులను ఆంపియర్లతో గుణించుటతో లెక్క ముగియదు; పవర్ ఫ్యాక్టరు అను మరియొక గుణకమును చేర్పవలెను. అయినను వేడి లెక్కలో మార్పు లేదు.

ఫ్యూజు తీగ ఈ వేడినే రక్షణకు వినియోగించును. ప్రవాహము హద్దు మీరినపుడు అది తాను కరగి, ఇంటి తీగలను కాపాడును. తరచుగ కరగుచున్నదని విసుగుచెంది దాని స్థానమున లావు తీగను చుట్టువారు కాపలావానిని వెళ్ళగొట్టి తలుపులు తెరచి నిద్రించువారి వంటివారు. ఆ తీగ కరగదు. గోడలోని తీగ కాలును.

ఓమ్ నియమమునకు హద్దులున్నవి. లోహపు తీగ వేడిమి మారకున్నంతవరకే నిరోధము స్థిరముగ నుండును. తీగ వేడెక్కినకొలది నిరోధము పెరుగును. నేడు వాడుకలో నున్న ఎల్.ఇ.డి. దీపములు ఈ సూటి నిష్పత్తికి లోబడవు. హద్దు తెలిసిన నియమమే నమ్మదగిన నియమము.

నేటి ఓము

పాదరసపు స్తంభముతో మొదలైన ఓము కొలత నేడు ఏ లోహపు ముక్క మీదను ఆధారపడి లేదు. 1980లో జర్మను శాస్త్రజ్ఞుడు క్లౌస్ ఫాన్ క్లిట్జింగ్, అతిశీతల స్థితిలో, బలమైన అయస్కాంత క్షేత్రమున, కొన్ని పలుచని పదార్థముల నిరోధము మెట్లుమెట్లుగ మారుటను కనుగొనెను. ఆ మెట్లకు ఆధారమగు విలువ సుమారు 25,812.8 ఓములు, అది ఏ దేశమునందును, ఏ పదార్థమునందును ఒకటియే. ఆయనకు 1985లో నోబెల్ బహుమతి లభించెను. 2019 మే 20వ తేదీ నుండి ప్రపంచ ప్రమాణములన్నియు ఇట్టి ప్రకృతి స్థిరాంకముల పైననే నిలుపబడినవి. మారని కుంచము కొరకు మరుగునీటిని, మంచును ఆశ్రయించిన ఓమ్ కోరిక ఈ విధముగ సంపూర్ణమైనది.

ఈ చరిత్ర యంతయు చదివిన పిమ్మట ఒక విషయము మనస్సున నిలుచును. తాళముల కమ్మరి పుస్తకములు తెచ్చి చదివినాడు. కుమారులకు చదివి వినిపించినాడు. కుమారుడు పరాయి దేశమున ఉపాధ్యాయ వృత్తి చేయుచు, గురువు లేకయే గొప్ప గ్రంథములను జీర్ణము చేసికొనినాడు. కావెండిష్ వ్రాతలు పెట్టెలో నుండి నూరేండ్లు నిరుపయోగమైనవి. ఓమ్ వ్రాత ఖండనలకు గురియైనను అచ్చులో నుండుటచే, చదువువాని కొరకు వేచి యుండి, తన చోటును సంపాదించుకొనినది. గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగ చేయుచున్న పని యిట్టిదే. ఏ పుస్తకము ఏ యింటి బిడ్డ చేతికి ఎప్పుడు తగిన సమయమున చిక్కునో ఎవ్వరును ముందుగ చెప్పజాలరు. పుస్తకము బల్లపై నుండవలెను, తలుపు తెరచి యుండవలెను, దీపము వెలుగుచుండవలెను.